రాత్రికి రాత్రి చెవి వినపడటం మానేస్తే, అది వైరస్ పనేనా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 39. ఖమ్మం దగ్గర ప్రభుత్వ పాఠశాలలో టీచర్‌ని. నెల కిందట జలుబు చేసి, రెండు రోజులు జ్వరం వచ్చి తగ్గింది. తగ్గిన వారానికి ఓ పొద్దున లేచేసరికి ఎడమ చెవి దిబ్బడ వేసినట్టుంది. తలస్నానం చేసినప్పుడు నీళ్ళు పోయాయేమో అనుకున్నాను. మా అత్తయ్య వెల్లుల్లి వేసి కాచిన నూనె రెండు చుక్కలు వేశారు. ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు చుక్కల మందు, ఐదు రోజులకి యాంటీబయాటిక్ ఇచ్చారు. ఎనిమిదో రోజున ఫోన్ ఎడమ చెవికి పెట్టుకుంటే అవతలి మనిషి మాట అసలు వినపడలేదు. అప్పుడు ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్తే పరీక్ష చేయించి, ఇది నరానికి సంబంధించిన లోపం, వైరస్ వల్ల వచ్చి ఉంటుంది అన్నారు. పది రోజులు స్టెరాయిడ్ మాత్రలు వాడాక మళ్ళీ పరీక్ష చేశారు. కొంత నయమే గానీ పూర్తిగా రాలేదు. రాత్రీపగలూ చెవిలో గుయ్‌మని హోరు. ఏ వైరస్సో రక్తపరీక్షలో తెలుస్తుందా? వైరస్‌ని చంపే మందు ఎందుకు ఇవ్వలేదు? మా బాబుకి ఆరేళ్ళు, వాడికి అంటుకుంటుందా? రెండో చెవి కూడా పోతుందేమోనని నిద్ర పట్టడం లేదు. గాయని అల్కా యాగ్నిక్ గారికి కూడా వైరస్ వల్లే ఇలా అయిందని చదివాక ఇంకా టెన్షన్‌గా ఉంది. నాకు షుగర్ బోర్డర్‌లో ఉందన్నారు. రెండు ఆడియోగ్రామ్‌ల (వినికిడి పరీక్ష కాగితాల) ఫొటోలు పంపుతున్నాను.

జవాబు: అమ్మా, మీరు అడిగినవన్నీ చెబుతాను. కానీ ముందు తేదీలు చూసుకుందాం, ఎందుకంటే మీకు ఇంకా అవకాశం చేజారిపోలేదు. చెవి పట్టేసిన రోజు నుంచి లెక్కేస్తే ఇప్పుడు మీకు మూడు వారాలు దాటి ఉంటుంది. మాత్రలతో పూర్తిగా కోలుకోని వాళ్ళకి కర్ణభేరి గుండా లోపలికి నేరుగా స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చే పద్ధతి ఒకటుంది. జబ్బు మొదలైన రెండు వారాల నుంచి ఆరు వారాల లోపు దీన్ని ఇవ్వాలని అమెరికా ఈఎన్‌టీ వైద్యుల సంఘం 2019లో సవరించిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. మీరు ఆ గడువులోనే ఉన్నారు. ఈ జవాబు మిగతాది రేపైనా చదువుకోవచ్చు. మీ ఈఎన్‌టీ డాక్టర్‌కి మాత్రం ఈరోజే ఫోన్ చేసి, "చెవిలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ నాకు పనికొస్తుందా?" అని అడగండి.

పేరు విని భయపడకండి. పడుకోబెట్టి, కర్ణభేరికి మత్తు మందు పెట్టి, మైక్రోస్కోప్‌లో చూస్తూ సన్నటి సూదితో డెక్సామెథాసోన్ గానీ మిథైల్ ప్రెడ్నిసలోన్ గానీ కొద్దిగా మధ్య చెవిలోకి వదులుతారు. మందు చల్లగా ఉంటే కాసేపు తల గిర్రున తిరుగుతుంది, అందుకని ఒంటి వేడికి తెచ్చి ఇస్తారు. తర్వాత ఇరవై నిమిషాలో అరగంటో ఆ చెవి పైకి ఉండేలా పక్కకి తిరిగి పడుకోవాలి. మాట్లాడకూడదు, వీలైనంత వరకు గుటక కూడా వేయకూడదు. గుటక వేస్తే చెవికీ గొంతుకీ మధ్య ఉన్న గొట్టం తెరుచుకుని మందు గొంతులోకి జారిపోతుంది. కొన్ని రోజుల తేడాతో ఇలా మూడు నాలుగు సార్లు చేస్తారు. మందు చాలావరకు చెవిలోనే పనిచేస్తుంది కాబట్టి, షుగర్ బోర్డర్‌లో ఉన్న మీకు షుగర్‌ని పెంచే మాత్రలు మళ్ళీ మొదలుపెట్టడం కంటే ఇదే నయం. హైదరాబాద్ లాంటి నగరాల్లో హైపర్‌బారిక్ ఆక్సిజన్ చికిత్స, అంటే మూసిన ఛాంబర్‌లో ఎక్కువ పీడనంతో ఆక్సిజన్ పీల్పించడం గురించి కూడా చెబుతారు. నెల రోజుల లోపు, స్టెరాయిడ్‌తో కలిపి అయితే దాన్ని ఆలోచించవచ్చు. కానీ ఖర్చు ఎక్కువ, రోజూ వెళ్ళి గంటన్నరో రెండు గంటలో ఛాంబర్‌లో కూర్చోవాలి. ఒకటే చేయించుకోగలిగితే నేను ఇంజెక్షన్‌కే ఓటేస్తాను.

మీ ఆడియోగ్రామ్‌లు చూశాను. ఇందులో గుర్తు ఎంత కిందికి దిగితే వినికిడి అంత తక్కువని అర్థం. కుడి చెవి ఎర్ర సున్నాలు పైన 15, 20 డెసిబెల్స్ దగ్గర వరసగా ఉన్నాయి, ఆ చెవి నిక్షేపంగా ఉంది. ఎడమ చెవి నీలం ఇంటూ గుర్తులు మొదటి కాగితంలో 70 దగ్గరికి దిగిపోయాయి, రెండోదాంట్లో 50 దగ్గరికి వచ్చాయి. ఎముక ద్వారా వినే శక్తిని చూపించే బ్రాకెట్ గుర్తులు కూడా ఇంటూలను అంటిపెట్టుకునే దిగాయి. నేను ముందు చూసేది అదే. చెవిలో గుబిలి అడ్డుపడినా, కర్ణభేరి వెనక నీరు చేరినా బ్రాకెట్లు పైనే ఉండిపోతాయి, ఇంటూలు మాత్రమే కిందికి వస్తాయి. రెండూ కలిసి దిగాయంటే లోపం లోపలి చెవిలో శబ్దాన్ని పట్టుకునే కాక్లియా అనే భాగంలోనో, అక్కడి నుంచి మెదడుకి వెళ్ళే నరంలోనో ఉన్నట్టు. మూడు రోజుల లోపు, వరసగా మూడు ఫ్రీక్వెన్సీల్లో కనీసం 30 డెసిబెల్స్ పడిపోతే దాన్ని సడెన్ సెన్సరీన్యూరల్ హియరింగ్ లాస్ అంటాం. అమెరికాలో వేసిన అంచనాల ప్రకారం ఏడాదికి లక్ష మందిలో 5 నుంచి 27 మందికి వస్తుంది. మీ డాక్టర్ గారు జబ్బుని సరిగ్గానే పట్టుకున్నారు, మందూ సరైనదే ఇచ్చారు.

ఇక వైరస్ మాట. అది మంచి ఊహే, కానీ రుజువైన సంగతి కాదు. ఇలాంటి కేసులు పది వస్తే, మొదట చూసినప్పుడు తొమ్మిదింట్లో కారణం ఇదీ అని ఎవరూ వేలు పెట్టి చూపించలేరు. అనుమానితుల్లో వైరస్ ముందు వరసలో ఉంటుంది. పక్కనే ఇంకో ఇద్దరు ఉన్నారు. లోపలి చెవికి రక్తం తీసుకెళ్ళేది ఒకే ఒక్క సన్నటి ధమని, దానికి ప్రత్యామ్నాయ దారి లేదు. అందులో ప్రవాహం ఆగితే చెవి ఆగుతుంది. రెండోది, ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే చెవి మీదికి తిరగబడటం.

ఎందుకు తేల్చలేకపోతున్నామో చెబితే మీకు డాక్టర్ మీద కోపం పోతుంది. గొంతు నొప్పి అయితే గొంతులోంచి స్వాబ్ తీస్తాం. ఊపిరితిత్తులైతే కఫం పరీక్ష చేస్తాం. కాక్లియా బఠాణీ గింజంత ఉంటుంది, ఒంట్లోనే అత్యంత గట్టి ఎముక మధ్యలో ఉంటుంది. అందులో ఉండే ద్రవం కొన్ని చుక్కలు కూడా కాదు. పరీక్ష కోసం దాన్ని బయటికి తీయబోతే మిగిలి ఉన్న వినికిడి పోతుంది. శబ్దాన్ని పట్టుకునే రోమకణాలు పుట్టుకతో ఒక్కో చెవికి సుమారు 15 వేలు వస్తాయి, మనుషుల్లో అవి చచ్చిపోతే తిరిగి మొలవవు. అందుకని బతికున్న మనిషి లోపలి చెవిలోంచి ముక్క తీసి, ఇదిగో వైరస్ అని చూపించడం కుదరదు.

మరి వైరస్ అని అనుమానం ఎందుకొచ్చింది? చనిపోయాక తమ చెవి ఎముకలను పరిశోధనకి ఇచ్చిన వాళ్ళ వల్ల. బోస్టన్‌లోని మసాచుసెట్స్ ఐ అండ్ ఇయర్ ఆసుపత్రిలో హెరాల్డ్ షుక్నెక్ట్ అనే వైద్యుడు అలాంటి ఎముకలను పొరలు పొరలుగా కోసి మైక్రోస్కోప్ కింద పరీక్షించాడు. ఒక్కసారిగా చెవి పోయిన వాళ్ళ కాక్లియాలో కనిపించిన నష్టం, తట్టు, గవదబిళ్ళలు వచ్చి చెవిటివాళ్ళయిన వాళ్ళ కాక్లియాలో కనిపించే నష్టాన్ని పోలి ఉంది. రక్తం అందక పోయిన చెవి అలా ఉండదు. దానికి తోడు చాలామంది మీలాగే "అంతకు ముందే జలుబు చేసింది సార్" అంటారు. ఇది బలమైన ఆధారమే గానీ, జలుబు ఏడాదికి రెండు మూడు సార్లు అందరికీ వస్తుంది కాబట్టి ఆ ఒక్క మాట మీద తీర్పు చెప్పలేం.

వైరస్ చెవిని దెబ్బతీసే దారులు మూడని అనుకుంటున్నాం. ఒకటి, రక్తం గుండానో మెదడు చుట్టూ ఉండే ద్రవం గుండానో వచ్చి నేరుగా కాక్లియాలో చొరబడటం. రెండు, చిన్నప్పుడెప్పుడో ఒంట్లోకి వచ్చి నరాల ముడుల్లో నిద్రపోతున్న వైరస్ ఏళ్ళ తర్వాత లేవడం. మూడోది నన్ను చాలా కాలంగా ఆలోచింపజేస్తున్నది: వైరస్ చెవిలో అడుగే పెట్టకపోవచ్చు. ఎక్కడో ముక్కులో, గొంతులో ఇన్‌ఫెక్షన్ వస్తే, దాని మీద యుద్ధానికి ఒళ్ళు విడుదల చేసిన రసాయనాలు లోపలి చెవిని గాయపరుస్తాయి. పశ్చిమ ఆఫ్రికాలో లాస్సా జ్వరం అని వైరస్ వల్ల వచ్చేది ఒకటుంది. దానితో ఆసుపత్రిలో చేరిన వాళ్ళలో సుమారు మూడో వంతు మందికి చెవి దెబ్బతింటుంది. అదీ జ్వరం ఉధృతంగా ఉన్నప్పుడు కాదు, తగ్గి కోలుకుంటున్నప్పుడు. వైరస్ వెనక్కి తగ్గుతున్న వేళ చెవి పోవడం చూస్తే, నష్టం చేస్తున్నది ఒంటి ప్రతిస్పందనే అనిపిస్తుంది. మీకూ జలుబు పూర్తిగా తగ్గిన వారానికే చెవి పోయింది. వైరస్ మందు కాకుండా, వాపుని అణిచే స్టెరాయిడ్ ఇవ్వడంలో ఉన్న ఆలోచన ఇదే.

అయితే రక్తపరీక్ష అక్కర్లేకుండా ముఖం మీదే సంతకం పెట్టి వెళ్ళే వైరస్ ఒకటుంది. అది అక్కి. కొన్ని ప్రాంతాల్లో సర్పి అంటారు. చిన్నప్పుడు ఆటలమ్మ తెచ్చిన వైరస్సే ఇది. ఆటలమ్మ తగ్గాక నరాల ముడుల్లో దాక్కుని, వయసు మీద పడ్డాకో, షుగర్ పెరిగినప్పుడో, ఒంట్లో శక్తి తగ్గినప్పుడో బయటికొస్తుంది. నడుము చుట్టూ, ఛాతీ మీద వచ్చే అక్కి అందరికీ తెలుసు. చెవి దగ్గర వస్తే మాత్రం గుర్తుపట్టరు. ముందు చెవిలో నిప్పు పెట్టినట్టు నొప్పి. రెండు మూడు రోజులకి చెవి డొప్పలోనో, చెవి రంధ్రం అంచునో చిన్న చిన్న నీటి పొక్కులు. ఆ తర్వాత అదే వైపు మూతి వంకర పోవడం, కన్ను మూతపడకపోవడం, వినికిడి తగ్గడం, కళ్ళు తిరగడం. 1907లో జేమ్స్ రామ్సే హంట్ అనే అమెరికన్ వైద్యుడు దీన్ని వివరించాడు, ఆయన పేరుతోనే పిలుస్తాం.

ఊళ్ళలో అక్కి అనగానే ఎర్రమన్నుతో అక్కి రాయించుకోవడానికి వెళ్తారు. ఆ నమ్మకాన్ని తప్పుపట్టడానికి ఈ మాట ఎత్తలేదు. ఒంటి మీద వచ్చిన అక్కి మందు వేసినా వేయకపోయినా చాలామందికి మాడిపోతుంది కూడా. కానీ చెవి దగ్గర వచ్చిన అక్కికి మొదటి 72 గంటలు విలువైనవి. ఎసైక్లోవిర్ గానీ వాలాసైక్లోవిర్ గానీ, స్టెరాయిడ్‌తో కలిపి ఆ లోపు మొదలుపెడితే మూతి, చెవి కోలుకునే అవకాశం పెరుగుతుంది. రాయించుకోవాలనిపిస్తే రాయించుకోండి, కానీ దానికంటే ముందు ఆసుపత్రికి వెళ్ళండి. మీరు మీ చెవి డొప్ప వెనకా లోపలా అద్దంలో చూసుకున్నారా? పొక్కులు గానీ, వాటి తాలూకు మచ్చలు గానీ లేకపోతే, మూతి సరిగ్గానే ఉంటే, మీది ఇది అయ్యే అవకాశం తక్కువ.

సంతకం పెట్టే రెండో వైరస్ గవదబిళ్ళలది. దీని గురించి మీకు టీచర్‌గా కూడా చెప్పాలి. దవడ కింద వాపు, జ్వరం, నాలుగు రోజులు బడి మానేయడం, తగ్గిపోవడం. పెద్దవాళ్ళు దీన్ని పెద్దగా పట్టించుకోరు. ఇది అరుదుగా చెవిని కొడుతుంది, కానీ కొట్టిందంటే సాధారణంగా ఒక చెవిని పూర్తిగా, శాశ్వతంగా తీసుకుపోతుంది. రెండో చెవి బాగుంటుంది కాబట్టి పిల్లవాడు చెప్పడు, వాడికే తెలియదు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఫోన్ ఆ చెవికి పెట్టుకున్న రోజు బయటపడుతుంది. కొంతమంది పిల్లల్లో దవడ వాపు కూడా కనిపించకుండానే గవదబిళ్ళలు వచ్చి పోతాయి. పిలిస్తే ఎప్పుడూ ఒకే వైపు తల తిప్పే పిల్లవాడు, వెనక బెంచీలో పరధ్యానంగా ఉన్నాడని తిట్లు తినే పిల్లవాడు మీ తరగతిలో ఉంటే ఒకసారి వినికిడి పరీక్ష చేయించమని వాళ్ళ ఇంట్లో చెప్పండి.

మీ బాబు సంగతి ఇక్కడే వస్తుంది. మీకు వచ్చిన చెవుడు అంటుకోదు. మీ జలుబు వాడికి అంటుకుని ఉండవచ్చు, కానీ జలుబు చేసిన లక్షల మందిలో చెవి పోయేది ఏ ఒక్కరికో. వాడి విషయంలో మీరు చేయాల్సింది ఒకటే: టీకా కార్డు తీసి చూడండి. ప్రభుత్వం ఉచితంగా వేసేది ఎంఆర్ టీకా, అంటే తట్టుకీ రుబెల్లాకీ. 2017లో మొదలైన ప్రత్యేక కార్యక్రమంలో తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో బడి పిల్లలందరికీ వేసింది కూడా అదే. అందులో గవదబిళ్ళల టీకా లేదు. ఎంఎంఆర్ అని రాసి ఉంటేనే గవదబిళ్ళలకు కూడా పడినట్టు. పిల్లల వైద్యుల సంఘమైన ఐఏపీ మూడు డోసులు సిఫారసు చేస్తుంది: తొమ్మిదో నెలలో, 15 నెలలకి, మళ్ళీ నాలుగు నుంచి ఆరేళ్ళ మధ్య. కార్డులో ఎంఆర్ మాత్రమే ఉంటే పిల్లల డాక్టర్‌ని అడిగి ఎంఎంఆర్ వేయించండి. గవదబిళ్ళలను ప్రభుత్వ టీకాల్లో చేర్చకపోవడం నాకు ఏ మాత్రం నచ్చని విషయం. ఒక చెవి పోయిన పిల్లవాడికి బడిలో, రోడ్డు మీద ఎంత కష్టమో చూస్తున్నవాడిగా చెబుతున్నాను, అది చేర్చాల్సిన టీకా.

మిగతా వైరస్‌ల గురించి క్లుప్తంగా. గర్భిణికి మొదటి నెలల్లో రుబెల్లా వస్తే బిడ్డ చెవుడుతో పుట్టే ప్రమాదం ఎక్కువ. సైటోమెగలో వైరస్ కూడా కడుపులో ఉన్న బిడ్డ చెవినే కొడుతుంది, ఒక్కోసారి ఆ చెవుడు పుట్టాక కొన్నేళ్ళకి బయటపడుతుంది. మీ వయసులో ఈ రెండూ లెక్కలోకి రావు. పెదవి మీద పొక్కులు తెచ్చే హెర్పిస్ మీద ఎప్పటినుంచో అనుమానం ఉంది, రుజువు లేదు. డెంగీ తర్వాత చెవి పోయిన కేసులు వైద్య పత్రికల్లో అక్కడక్కడా ఉన్నాయి, చాలా అరుదు. కోవిడ్ తర్వాత కూడా ఇలాంటి కేసులు చూశాం. ఆ వైరస్ లోపలి చెవి కణాల్లోకి చొరబడగలదని 2021లో ప్రయోగశాలలో చూపించారు. మీ జలుబు కోవిడ్ అయి ఉండే అవకాశం కొట్టిపారేయలేం, కానీ అదే అని ఇప్పుడు తేలినా వైద్యం మారదు. హెచ్ఐవీ, సిఫిలిస్ మాత్రం వేరు. సిఫిలిస్ వైరస్ కాదు, బ్యాక్టీరియా. ఈ రెంటికీ మందులున్నాయి, చెవి తిరిగి వచ్చే అవకాశమూ ఉంటుంది. మీ డాక్టర్ ఆ పరీక్షలు రాస్తే నొచ్చుకోకండి, ఎవరి నడవడిక మీదా అనుమానంతో రాసేవి కావవి.

ఏ వైరస్సో తెలుసుకోవడానికి ల్యాబుల్లో ప్యాకేజీలు అమ్ముతున్నారు. ఐదారు వేలు పోసి చేయించుకున్న రిపోర్టులు పట్టుకుని నా దగ్గరికి వస్తుంటారు. అందులో హెర్పిస్ ఐజీజీ పాజిటివ్, సైటోమెగలో ఐజీజీ పాజిటివ్ అని ఉంటుంది. మన దేశంలో పెద్దవాళ్ళలో చాలామందికి ఇవి పాజిటివే వస్తాయి. ఎప్పుడో ఒకప్పుడు ఆ వైరస్ ఒంట్లోకి వచ్చిందని మాత్రమే దానర్థం. మొన్న చెవిని కొట్టింది అదేనని కాదు. ఆ డబ్బు ఎంఆర్ఐకి పెట్టండి. కాంట్రాస్ట్ ఇచ్చి, వినికిడి నరం వెళ్ళే దారిని చూసే ఎంఆర్ఐ ఇలాంటి ప్రతి ఒక్కరికీ ఒకసారి తీయించాలి. కొద్దిమందిలో ఆ నరం మీద పెరిగే గడ్డ ఇలా ఒక్కసారిగా చెవుడుతో బయటపడుతుంది. అది క్యాన్సర్ కాదు, మెల్లగా పెరుగుతుంది, కానీ ఉందో లేదో తెలియాలి. వినికిడి బాగా తిరిగొచ్చినా సరే తీయించాలి, ఎందుకంటే గడ్డ ఉన్నవాళ్ళకి కూడా ఒక్కోసారి స్టెరాయిడ్‌తో తాత్కాలికంగా బాగుపడుతుంది. మామూలు తల సీటీ స్కాన్‌లో ఇది సరిగ్గా కనపడదు.

వైరస్‌ని చంపే మందు ఎందుకివ్వలేదని అడిగారు. చాలాచోట్ల ఇచ్చి చూశారు. స్టెరాయిడ్ ఒక్కటే ఇచ్చినవాళ్ళనీ, దానికి ఎసైక్లోవిర్ లాంటివి కలిపి ఇచ్చినవాళ్ళనీ పోల్చిన నాలుగు ట్రయల్స్‌ని (రోగుల మీద చేసిన పరీక్షలని) 2012లో కాక్రేన్ అనే అంతర్జాతీయ వైద్య పరిశోధకుల సంస్థ సమీక్ష కలిపి చూసింది. అదనంగా మేలు కనపడలేదు. అక్కి పొక్కులుంటే తప్ప నేను కూడా రాయను. రక్తప్రసరణ పెంచే మాత్రల సంగతీ అంతే. నరాల బలానికని రాసే బీ12 ఇంజెక్షన్లతో పోయిన వినికిడి తిరిగి రాదు.

స్టెరాయిడ్ మాత్రం అద్భుతమా అంటే, అదీ కాదు. 1980లో అమెరికాలో వచ్చిన ఒక ట్రయల్‌లో మాత్రలు వాడినవాళ్ళలో 61 శాతం, ఉత్తుత్తి మాత్రలు వాడినవాళ్ళలో 32 శాతం కోలుకున్నారు. తర్వాత వచ్చిన అధ్యయనాలన్నీ అంత గట్టిగా చెప్పలేదు. అయినా ఇంతకంటే మెరుగైన మందు చేతిలో లేదు కాబట్టి, త్వరగా, మొదటి రెండు వారాల్లోపే ఇవ్వమంటాం. ఆ 32 శాతాన్ని ఇంకోసారి చూడండి. ఏ మందూ లేకుండానే మూడో వంతు మందికి తగ్గుతోంది. వెల్లుల్లి నూనె వేసుకున్నవాళ్ళలో కూడా అంతమందికి తగ్గుతుంది, ఆ పేరు నూనెకి వెళ్తుంది. వైరల్ అనగానే వైరల్ ఫీవర్ లాగా ఐదు రోజుల్లో అదే పోతుందిలే అని ఊరుకునేవాళ్ళూ ఇందుకే ధైర్యంగా ఉంటారు. మిగిలిన వాళ్ళు మూడు నెలల తర్వాత మా దగ్గరికొస్తారు, అప్పటికి మేం చేయగలిగింది చాలా తక్కువ.

మీ అత్తయ్యగారిని ఏమీ అనకండి. ఆవిడ వేసిన నూనె వల్ల మీ చెవి పోలేదు, అది కర్ణభేరి దాటి లోపలికి వెళ్ళదు కూడా. ఆర్‌ఎంపీ గారి చుక్కలూ అంతే. పోయినవి ఎనిమిది రోజులు. ఇకముందు మీ ఇంట్లోనో, స్కూల్లోనో ఎవరికైనా ఒక చెవి ఒక్కసారిగా పట్టేస్తే ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేయించండి. నోరు మూసుకుని, ఓంకారం చివర సాగదీసినట్టు "మ్‌మ్‌మ్" అనమనండి. ఆ మోత పట్టేసిన చెవిలోనే గట్టిగా వినిపిస్తే గుబిలో, జలుబు నీరో అయ్యే అవకాశం ఎక్కువ. బాగున్న చెవి వైపే వినిపిస్తే నరం సంగతి అనుకుని ఆరోజే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి పంపండి. మేం ట్యూనింగ్ ఫోర్క్ నుదుటి మీద ఆనించి చూసేది కూడా ఇదే. ఇంట్లో చేసిన దాన్ని నూటికి నూరు పాళ్ళు నమ్మకూడదు గానీ, వెళ్ళాలా ఆగాలా అన్న సందేహం తీరుస్తుంది. చెవితో పాటు మాట తడబడినా, చెయ్యీ కాలూ పట్టు తప్పినా, ఒకటి రెండుగా కనిపించినా, నిలబడలేనంతగా తూలిపోయినా ఈఎన్‌టీ కోసం వెతకకండి. 108కి ఫోన్ చేయండి, అది పక్షవాతం కావచ్చు.

అల్కా యాగ్నిక్ గారు 2024 జూన్‌లో తనే ఇన్‌స్టాగ్రామ్‌లో రాశారు, విమానం దిగి వస్తుంటే ఏమీ వినపడలేదనీ, వైరస్ దాడి వల్ల వచ్చిన అరుదైన నరాల వినికిడి లోపమని డాక్టర్లు చెప్పారనీ. అంత పేరున్న గాయని దాచుకోకుండా చెప్పడం వల్ల ఎంతోమంది తమ చెవుల గురించి అడగడం మొదలుపెట్టారు. ఆవిడది ఆవిడ వైద్యులు చూసుకునే సంగతి, దాన్ని బట్టి మీకేం జరుగుతుందో ఊహించుకోకండి. ఆవిడ అభిమానులకి ఇచ్చిన హెచ్చరిక, హెడ్‌ఫోన్లలో పెద్ద శబ్దం వద్దన్నది, అందరూ వినాల్సిందే. అయితే శబ్దం వల్ల వచ్చే చెవుడు సాధారణంగా ఏళ్ళ తరబడి, రెండు చెవులకీ, మెల్లగా వస్తుంది. మీ ఎడమ చెవి పోయింది ఫోన్ వాడకం వల్ల కాదు.

రెండో చెవి గురించి మీ భయం నాకు అర్థమవుతోంది. రెండు చెవులకీ ఒకేసారి రావడం నూటికి ఐదు కంటే తక్కువ. ఒకసారి వచ్చినవాళ్ళకి తర్వాత రెండో చెవికి రావడమూ అరుదే. కుడి చెవిని జాగ్రత్తగా చూసుకోండి: పెళ్ళి బ్యాండ్ పక్కన, డీజే బాక్సుల దగ్గర నిలబడకండి, పిన్నులూ బడ్సూ పెట్టకండి. చెవిని దెబ్బతీయగల జెంటామైసిన్, అమికాసిన్ లాంటి ఇంజెక్షన్లు ఎవరైనా రాస్తే మీ చెవి సంగతి ముందే చెప్పండి. కుడి చెవిలో కాస్త తేడా అనిపించినా ఆ రోజే వెళ్ళండి.

హోరు రాత్రిపూట ఎక్కువగా అనిపించేది, చుట్టూ నిశ్శబ్దం ఉండటం వల్ల. ఫ్యాన్ వేసుకోండి, చిన్నగా రేడియో పెట్టుకోండి. వినికిడి ఎంత మెరుగైతే హోరు అంత తగ్గుతుంది. మిగిలినదానికి కూడా చాలామందిలో కొన్ని నెలల్లో మెదడు అలవాటు పడిపోతుంది.

క్లాసులో ఎడమ వైపు పిల్లలు అడిగేది మీకు సరిగ్గా వినపడదు. తరగతికి అదే వైపు మూలగా నిలబడితే అందరూ మీ కుడి చెవి వైపు వస్తారు. పిల్లలకి కూడా చెప్పేయండి, వాళ్ళు మీరనుకున్నదాని కంటే బాగా అర్థం చేసుకుంటారు. ఒక చెవితో శబ్దం ఏ వైపు నుంచి వస్తోందో తెలియదు, కాబట్టి రోడ్డు దాటేటప్పుడు హారన్‌ని నమ్ముకోకుండా రెండు వైపులా తల తిప్పి చూడండి. ఇంజెక్షన్లు పూర్తయ్యాక ఒక ఆడియోగ్రామ్, ఆరు నెలల లోపు మరొకటి చేయించుకోండి. అప్పటికీ 50 దగ్గరే ఆగిపోతే ఆ చెవికి మామూలు హియరింగ్ ఎయిడ్ బాగా పనిచేస్తుంది. ఆ పరీక్షకి వెళ్ళేటప్పుడు ఈ రెండు పాత కాగితాలు కూడా పట్టుకెళ్ళండి.